మండీ లెక్కల యాప్‌ను ఎక్కడ నడపాలి: షేర్డ్ హోస్టింగా, వీపీఎస్సా, పెద్ద క్లౌడా?

కాటాచీటీ, తిరుపతి
మార్చి 3

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఉంటూ సొంతంగా సాఫ్ట్‌వేర్ పనులు చేసుకుంటున్నాను. దామలచెరువు వైపు ఉన్న మూడు మామిడి మండీల కోసం రెండేళ్ల కిందట ఒక వెబ్ అప్లికేషన్ తయారు చేశాను. రైతు ట్రాక్టర్ కాటా ఎక్కగానే గుమాస్తా తన ఫోన్‌లో రైతు పేరు, కాయ రకం, తూకం, ఆనాటి ధర నమోదు చేసి, కాటా చీటీని ఫోటో తీసి ఎక్కిస్తాడు. రాత్రికి కమీషన్, కూలి, బాడుగ పోను రైతుకు రావలసిన మొత్తంతో పట్టీ తయారవుతుంది. అప్లికేషన్‌ను జాంగో అనే పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లో రాశాను, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్.

మొదటి ఏడాది ఒక్క మండీయే కాబట్టి ఉచితంగా దొరికే ఒక వేదిక మీద పెట్టి నడిపించాను. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లోకి కోడ్ తోస్తే చాలు, మిగిలినదంతా అదే చూసుకునేది. నిరుడు మూడు మండీలు చేరిన తరువాత ఇబ్బందులు మొదలయ్యాయి. కొంతసేపు ఎవరూ వాడకపోతే సర్వర్ నిద్రలోకి జారుకుంటుంది. తెల్లవారుజామున మొదటి ట్రాక్టర్ వచ్చినప్పుడు గుమాస్తా బటన్ నొక్కితే అది మేల్కొనడానికి దాదాపు నిమిషం పడుతుంది. మేల్కొన్న తరువాత కూడా పట్టీ పేజీ తెరుచుకోవడానికి ఆరేడు సెకన్లు తీసుకుంటోంది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ జూన్‌లో తగిలింది. ఒక చిన్న తప్పు సరిదిద్ది మళ్లీ డిప్లాయ్ చేసేసరికి (కొత్త కోడ్‌ను సర్వర్‌కు ఎక్కించేసరికి), అప్పటిదాకా ఎక్కించిన కాటా చీటీల ఫోటోలన్నీ మాయమయ్యాయి. డేటాబేస్‌లోని తూకాలు భద్రంగా ఉన్నాయి గనుక రైతులతో మాట పడలేదు గాని, మండీ యజమానుల దగ్గర తలెత్తుకోలేకపోయాను.

ఈసారి తోతాపురి సీజన్ మొదలయ్యేలోగా దీన్ని గట్టి చోటికి మార్చాలని ఉంది. నా లెక్క ప్రకారం సీజన్‌లో మూడు మండీలకూ కలిపి రోజుకు సుమారు 600 చీటీలు, దాదాపు 75 రోజుల పాటు వస్తాయి. మిగిలిన తొమ్మిది నెలలు అడపాదడపా పాత లెక్కలు చూసుకోవడం తప్ప ఎవరూ దాని జోలికి రారు. ఒక మిత్రుడు షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునేది) చౌక అంటున్నాడు, మరొకరు అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌కు వెళ్లమంటున్నారు, అనేక యంత్రాల మీద అప్లికేషన్లను నడిపించే కుబెర్నెటీస్ నేర్చుకోమని సలహా ఇచ్చినవారు కూడా ఉన్నారు. నెలకు వెయ్యి, పన్నెండు వందల రూపాయలకు మించి మండీల వాళ్లు ఇవ్వరు. ఇటువంటి పనికి ఏది తగినదో, ఎందుకు తగినదో అనుభవం ఉన్నవారు వివరిస్తే మేలు చేసినవారవుతారు.


లినక్స్_చిత్తూరు
మార్చి 3

ముందు కుబెర్నెటీస్ సంగతి తేల్చేద్దాం. మీ పనికి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. ఎందుకంటారా, మీరిచ్చిన అంకెలతోనే లెక్క వేసి చూడండి. రోజుకు 600 చీటీల్లో బాగా రద్దీగా ఉండే గంటలో 80 వస్తాయనుకుందాం. ఒక్కో చీటీకి లాగిన్, రైతు వెతుకులాట, ధర, ఫోటో, పట్టీ అన్నీ కలిపి ఎనిమిది అభ్యర్థనలు వెళ్తాయనుకున్నా గంటకు 640, అంటే ఐదు సెకన్లకు ఒకటి కూడా గట్టిగా రాదు. ఒక గిగాబైట్ మెమరీ, ఒక్క కోర్ ఉన్న అతి చిన్న యంత్రం కూడా ఈ బరువును మోస్తూ కునుకు తీయగలదు. సీజన్ మొత్తానికి 45,000 చీటీలు. వరుసకు ఒక కిలోబైట్ చొప్పున డేటాబేస్‌లో చేరేది 45 మెగాబైట్లు. మీ బరువంతా ఫోటోలదే: ఒక్కొక్కటి 300 కిలోబైట్లకు కుదించినా 13.5 గిగాబైట్లు అవుతాయి. కాబట్టి మీ ప్రశ్న వేగానికో సామర్థ్యానికో సంబంధించినది కాదు. ఏ వస్తువు పోయినా ఫరవాలేదు, ఏది పోతే కొంప మునుగుతుంది అన్నది విడదీసి చూసుకోవడమే.

మీ ఫోటోలు ఎందుకు పోయాయో తెలిస్తే ఆ విభజన తేలికగా అర్థమవుతుంది. హెరోకూ, రెండర్ వంటి వేదికలు మీరు కోడ్ తోసిన ప్రతిసారీ ఒక కొత్త కంటైనర్‌ను (అప్లికేషన్ నడిచే విడి పెట్టెను) కట్టి, పాతదాన్ని అవతల పారేస్తాయి. ఆ పాతదాని డిస్కులో రాసినవన్నీ దానితోపాటే పోతాయి. అది లోపం కాదు, వాటి పద్ధతే అంత. వాటి పత్రాల్లో స్పష్టంగానే రాసి ఉంటుంది గాని మనం ఎవ్వరమూ మొదట చదవం. అందుచేత మీరు ఏ దారిన వెళ్లినా సరే, ఫోటోలను అప్లికేషన్ ఉన్న డిస్కు మీద పెట్టకండి. ఆబ్జెక్ట్ స్టోరేజ్ అనేది, అంటే ఫైళ్లను అప్లికేషన్‌కు విడిగా దాచే సేవ, దీనికోసమే ఉంది. అమెజాన్ ఎస్3 ఉంది, క్లౌడ్‌ఫ్లేర్ ఆర్2 ఉంది; రెండవది నెలకు మొదటి 10 గిగాబైట్ల నిల్వకు రుసుము తీసుకోదు, బయటికి వెళ్లే డేటాకూ తీసుకోదు. జాంగో వైపు నుంచి జాంగో-స్టోరేజెస్ అనే ప్యాకేజీ వేసుకుని సెట్టింగ్స్‌లో పది పదిహేను పంక్తులు మారిస్తే సరిపోతుంది.

ఇక ఎక్కడ పెట్టాలన్న దానికి నా సమాధానం, మన దేశంలో డేటా సెంటర్ ఉన్న ఒక చిన్న వీపీఎస్, అంటే మన ఒక్కరికే కేటాయించిన వర్చువల్ సర్వర్. డిజిటల్ ఓషన్‌కు బెంగళూరులోనూ, ఇప్పుడు అకమాయ్ చేతిలో ఉన్న లినోడ్‌కు ముంబయి, చెన్నైలలోనూ కేంద్రాలు ఉన్నాయి. ఒక గిగాబైట్ యంత్రం డిజిటల్ ఓషన్‌లో నెలకు 6 డాలర్లు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మీ బడ్జెట్‌లో సగం మిగులుతుంది. దాని మీద ఉబుంటు 24.04 వేసుకోండి, 2029 వరకు భద్రతా సవరణలు వస్తాయి. ముందు అభ్యర్థనలు అందుకునే ఇంజిన్‌ఎక్స్, దాని వెనుక జాంగోను నడిపే గునికార్న్, పక్కనే పోస్ట్‌గ్రెస్, అన్నిటినీ సిస్టమ్‌డీ కాపలా కాస్తుంది. ఏదైనా కూలిపోతే అదే లేపి నిలబెడుతుంది. గునికార్న్ పత్రాల్లో కోర్ల సంఖ్యకు రెట్టింపు వేసి ఒకటి కలపమన్నారు, అంటే మీకు మూడు వర్కర్లు (పని చేసే ప్రక్రియలు) చాలు. రెండు గిగాబైట్ల స్వాప్ ఫైలు (మెమరీ చాలనప్పుడు డిస్కు మీద వాడే చోటు) మొదటి రోజే పెట్టుకోండి, లేకపోతే ఎప్పుడో ఒకసారి ప్యాకేజీ కట్టేటప్పుడు మెమరీ చాలక కర్నల్ (లినక్స్ మూల భాగం) మీ పోస్ట్‌గ్రెస్‌నే చంపి కూర్చుంటుంది.

వీపీఎస్ తీసుకున్న గంటలోనే ప్రపంచం నలుమూలల నుంచి బాట్లు దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే మీ ఎస్‌ఎస్‌హెచ్ తలుపు తట్టడం మొదలుపెడతాయి. లాగ్ తెరిచి చూస్తే భయం వేస్తుంది గాని, పాస్‌వర్డ్ లాగిన్ పూర్తిగా మూసేసి కీ మాత్రమే ఉంచుకుంటే అవి ఎంత తట్టినా తలుపు తెరుచుకోదు. ఫైర్‌వాల్‌లో ఎస్‌ఎస్‌హెచ్‌కు 22, వెబ్‌కు 80, 443 తప్ప ఏ పోర్టూ తెరవకండి. పోస్ట్‌గ్రెస్ వినే 5432 లోపలికి మాత్రమే ఉండాలి. ఒక్క హెచ్చరిక. కంటైనర్లను నడిపే డాకర్ వాడితే అది తెరిచే పోర్టులు ఉబుంటులోని యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ నియమాలను దాటుకుని బయటికి కనిపిస్తాయి. ఫైర్‌వాల్ పెట్టాను కదా అని నిశ్చింతగా ఉండి, డేటాబేస్‌ను వీధిలో నిలబెట్టినవారిని నేను చూశాను, అందులో నేనూ ఒకణ్ణి.

షేర్డ్ హోస్టింగ్ విషయం ఒక్క మాటలో చెప్పాలంటే, మీది పీహెచ్‌పీ అయి ఉంటే నేను దాన్నే చెప్పేవాణ్ణి. జాంగో వంటి ఎడతెగకుండా నడిచే ప్రక్రియలకు అక్కడ చోటు ఇరుకు.

మీరు చెప్పనిది ఒకటి అడుగుతాను. మేల్కొన్న తరువాత కూడా పేజీకి ఆరేడు సెకన్లు అన్నారు. 45 మెగాబైట్ల డేటాబేస్‌కు అంత సమయం పట్టడం అసహజం. మీ డేటాబేస్ ఎక్కడ ఉంది?


కాటాచీటీ, తిరుపతి
మార్చి 4

ఇంత ఓపికగా రాసినందుకు ధన్యవాదాలు. ఫోటోలు పోవడానికి కారణం ఇన్నాళ్లకు అర్థమైంది. డేటాబేస్ విషయానికి వస్తే, మొదట ఆ వేదిక ఇచ్చిన ఉచిత పోస్ట్‌గ్రెస్‌కు కాలపరిమితి ఉండటం వల్ల, వేరే సంస్థ వద్ద ఉచితంగా దొరికిన డేటాబేస్‌లోకి మార్చాను. అప్లికేషన్ సింగపూర్‌లో ఉంది. డేటాబేస్ ఏ ప్రాంతంలో ఉందో మీరు అడిగిన తరువాత చూశాను. అమెరికా తూర్పు తీరం అని ఉంది. ఖాతా తెరిచినప్పుడు ముందుగా ఎంచి ఉన్నదాన్ని అలాగే వదిలేసినట్టున్నాను. పట్టీ పేజీ డేటాబేస్‌ను ఎన్నిసార్లు అడుగుతోందో జాంగో డీబగ్ టూల్‌బార్‌లో చూస్తే 31 అని వచ్చింది.


పలమనేరు_టు_బెంగళూరు
మార్చి 4

మీ జబ్బు దొరికింది. సింగపూర్ నుంచి అమెరికా తూర్పు తీరానికి ఒక ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి సెకనులో ఐదో వంతుకు పైగానే పడుతుంది. జాంగో ఒక ప్రశ్నకు జవాబు వచ్చాకనే రెండవది అడుగుతుంది. 31 ప్రశ్నలంటే 31 సార్లు పసిఫిక్ దాటి వెళ్లి రావడం. గుణించి చూసుకోండి, మీ ఆరేడు సెకన్లు అక్కడే ఉన్నాయి. దీనికి ఎంత పెద్ద సర్వర్ కొన్నా ప్రయోజనం లేదు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లే పోగలదు, దానికి ఎవరూ లంచం ఇవ్వలేరు. అప్లికేషన్, డేటాబేస్ రెండూ ఒకే చోట ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. ఆ చోటు వాడేవారికి దగ్గరగా ఉండటం దాని తరువాతి మాట. గుమాస్తా ఫోన్ నుంచి సర్వర్‌కు దూరం పేజీకి ఒకటి రెండుసార్లే దాటాలి, డేటాబేస్ దూరం మాత్రం ప్రశ్న ప్రశ్నకూ దాటాలి. వీలు చూసుకుని, జాంగోలో అనేక ప్రశ్నలను కలిపి అడిగే సెలెక్ట్-రిలేటెడ్, ప్రీఫెచ్-రిలేటెడ్ వాడి ఆ 31ని నాలుగైదుకు దించండి, అది వేరే పుణ్యం.

దగ్గరితనం గురించి కూడా ఒక భ్రమ ఉంది. తిరుపతి నుంచి చెన్నై రోడ్డు మీద మూడు గంటల దారి కాబట్టి చెన్నై సర్వర్ వేగంగా ఉంటుందని లెక్క వేయకండి. మీ మొబైల్ కంపెనీ డేటాను ఏ ఊరి మీదుగా మళ్లిస్తుందో దాన్ని బట్టి ముంబయి చుట్టి రావచ్చు. మండీలోనే నిలబడి, గుమాస్తా వాడే సిమ్ మీదే కొలవండి. ఏడబ్ల్యూఎస్‌కు 2016 నుంచి ముంబయిలోనూ, 2022 నవంబరు నుంచి హైదరాబాదులోనూ ప్రాంతాలు ఉన్నాయి; మైక్రోసాఫ్ట్ అజూర్‌కు పుణే, చెన్నైలలో, గూగుల్‌కు ముంబయి, ఢిల్లీలలో ఉన్నాయి. కొత్త ప్రాంతాల్లో అన్ని సేవలూ ఒకేసారి రావు గనుక మీకు కావలసినది అక్కడ ఉందో లేదో ముందుగా చూసుకోవాలి.

నేను ఇక్కడ ఒక కంపెనీలో పెద్ద క్లౌడ్ మీదే పని చేస్తాను, అయినా మీకు దాన్ని చెప్పను. కారణం ధర ఎక్కువని కాదు, బిల్లు ఎటు నుంచి వస్తుందో తెలియకపోవడం. ఏడబ్ల్యూఎస్‌లో యంత్రానికి ఒక లెక్క, దాని డిస్కుకు ఒక లెక్క, 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకు (ఇంటర్నెట్‌లో యంత్రానికి ఉండే నంబరుకు) గంటకు 0.005 డాలర్లు, బయటికి వెళ్లే డేటాకు ఇంకొకటి. ఎవరో రాసిన పాఠం చూసి నెట్‌వర్క్ కట్టుకుంటూ పోతే లోపలి యంత్రాలను ఇంటర్నెట్‌కు కలిపే నాట్ గేట్‌వే అనేది మీకు తెలియకుండానే వచ్చి కూర్చుంటుంది. అదొక్కటే మీ నెల బడ్జెట్‌ను మింగేస్తుంది. బడ్జెట్ హెచ్చరిక పెట్టుకోవచ్చు గాని, అది కబురు చెబుతుందే తప్ప దానంతట అది ఖర్చును ఆపదు.

సంవత్సరంలో 75 రోజులే పని అంటున్నారు కాబట్టి, వాడినంతకే డబ్బు తీసుకునే సర్వర్‌లెస్ నప్పుతుందేమో అని మీకు అనిపించవచ్చు. ఏడబ్ల్యూఎస్ వారి ల్యాంబ్డాలో నెలకు పది లక్షల అభ్యర్థనలు ఉచితం, గూగుల్ క్లౌడ్ రన్‌లో ఇరవై లక్షలు. మీ అవసరానికి అవి చాలా ఎక్కువ. కాని వాడకం లేనప్పుడు అప్లికేషన్ పూర్తిగా ఆగి సున్నాకు దిగగలదు గాని పోస్ట్‌గ్రెస్ సాధారణంగా దిగదు. క్లౌడ్ ఎస్‌క్యూఎల్ వంటి నిర్వహిత డేటాబేస్ (బాగోగులు వాళ్లే చూసుకునేది) ఎవరూ వాడని జనవరిలో కూడా గంట గంటకూ లెక్క కడుతూనే ఉంటుంది. పైగా మీరు పారిపోవాలనుకుంటున్న ఆ తొలి మేల్కొలుపు ఆలస్యం ఇక్కడా ఉంటుంది, నిమిషం కాదు గాని కొన్ని సెకన్లు. అప్లికేషన్ నడిచే ఒక ఇన్‌స్టెన్స్‌ను ఎప్పుడూ మెలకువగా ఉంచమని చెప్పవచ్చు, అప్పుడు వాడినంతకే డబ్బు అన్న మాటకు అర్థం ఉండదు.

సీజన్ అయ్యాక వీపీఎస్‌ను ఆపేసి డబ్బు మిగుల్చుకోవచ్చనుకుంటే ఒక మెలిక గుర్తుంచుకోండి. డిజిటల్ ఓషన్‌లో యంత్రాన్ని ఆపినా బిల్లు ఆగదు. స్నాప్‌షాట్ (డిస్కు నకలు) తీసి, యంత్రాన్ని తొలగిస్తేనే ఆగుతుంది. ఏడబ్ల్యూఎస్ వారి ఈసీ2 యంత్రాల్లో అయితే ఆపితే యంత్రం లెక్క ఆగుతుంది, డిస్కుదీ అట్టిపెట్టుకున్న చిరునామాదీ ఆగవు. నెలకు ఆరు డాలర్ల కోసం ఇంత తంటా పడటం కన్నా దాన్ని అలా వదిలేయడమే సుఖం.


అలిపిరి_బ్యాకెండ్
మార్చి 5

పై ఇద్దరు చెప్పిన సాంకేతిక విషయాలతో నాకు పేచీ లేదు, ముగింపుతోనే ఉంది. నేను తిరుపతిలో కొన్ని లాడ్జీల గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఐదేళ్లుగా చూస్తున్నాను. మొదటి మూడేళ్లు వీపీఎస్ మీదే నడిపాను. లినక్స్_చిత్తూరు గారు రాసినవన్నీ చేశాను, అన్నీ పనిచేశాయి. కాని వైకుంఠ ఏకాదశి ముందు రోజు రాత్రి డిస్కు నిండిపోయి డేటాబేస్ రాయడం ఆపేసినప్పుడు, కౌంటర్ ముందు యాత్రికులు సామాన్లతో నిలబడి ఉండగా, నేను అలిపిరి మెట్ల మీద ఫోన్ సిగ్నల్ కోసం వెతుక్కుంటున్నాను. నిండింది దేనితో అనుకున్నారు? పాతవాటిని తీసేసేలా తిప్పకుండా వదిలేసిన లాగ్ ఫైళ్లతో. తప్పు పూర్తిగా నాదే. అయితే ఒంటరిగా పని చేసేవాడు అటువంటి తప్పు ఏడాదికి ఒకటైనా చేస్తాడు, అది కూడా అందరికీ పని ఉన్న రోజునే బయటపడుతుంది, ఎందుకంటే లాగులు నిండేది ఆ రోజే.

అందుకని నేను చెప్పేది, కాటాచీటీ గారూ, మీరు ఇప్పుడు ఉన్న రకం వేదికను వదలకండి, దాని ఉచిత మెట్టును మాత్రం వదలండి. రెండర్‌లో నిద్రపోని యంత్రం నెలకు 7 డాలర్లు, హెరోకూలో బేసిక్ డైనో (వాళ్లు యంత్రానికి పెట్టిన పేరు) కూడా 7 డాలర్లే. హెరోకూ తన ఉచిత ప్లాన్లను 2022 నవంబరు 28న పూర్తిగా తీసేసింది. ఉచితం మీద వ్యాపారం కట్టుకున్న చాలామంది ఆ నెలలో మూటాముల్లే సర్దుకోవలసి వచ్చింది. డబ్బు ఇస్తున్నప్పుడు కనీసం అడిగే హక్కు ఉంటుంది. సర్టిఫికెట్ పునరుద్ధరణ, కర్నల్ సవరణలు, లాగ్ తిప్పడం, కూలితే లేపడం, కొత్త వెర్షన్ సరిగా లేవకపోతే పాతదాన్నే నడిపించడం, ఇవన్నీ వాళ్ల తలనొప్పి. మీ సమయానికి గంటకు ఎంత అనుకుంటున్నారో ఆ లెక్కలో వేసి చూడండి.

ఇందులోని లోటు కూడా నేనే చెబుతాను. రెండర్‌కు మన దేశంలో ప్రాంతం లేదు, దగ్గరిది సింగపూర్. డేటాబేస్‌ను కూడా సింగపూర్‌లోనే పెట్టుకుంటే అది పెద్ద అడ్డంకి కాదు. నిర్వహిత డేటాబేస్‌కు వేరే రుసుము ఉంటుంది గనుక మొత్తం మీ పన్నెండు వందలకు కొంచెం పైకి పోవచ్చు. మండీల వాళ్లతో మాట్లాడండి. సీజన్‌లో రోజుకు వందల టన్నులు తూచేవారికి ఇంకో మూడు వందలు బరువు కాదు, మీరు అడగడానికి మొహమాటపడుతున్నారంతే.


లినక్స్_చిత్తూరు
మార్చి 5

అలిపిరి గారి లాగ్ ఫైళ్ల కథ చదివి నవ్వు వచ్చింది, ఎందుకంటే అది ప్రతి ఇంటి కథే. సిస్టమ్ లాగులు చేరే జర్నల్‌కు పరిమాణ పరిమితి పెట్టి, పాత లాగులను తిప్పే లాగ్‌రొటేట్ సరిచూసి, డిస్కు 80 శాతం దాటితే ఫోన్‌కు సందేశం వచ్చేలా చేసుకుంటే ఆ రాత్రి ఉండేది కాదు. అయినా వారి వాదనలో న్యాయం ఉంది. కాటాచీటీ గారికి టెర్మినల్ అంటే ఇష్టం లేకపోతే వారి మాటే వినాలి. ఇష్టం ఉంటే నా మాట.

ఏ దారి పట్టినా అప్లికేషన్‌ను ఒక డాకర్ ఇమేజ్‌గా కట్టుకోవడం, పాస్‌వర్డుల వంటి రహస్యాలను కోడ్‌లో కాకుండా సర్వర్ మీద విడిగా ఇచ్చే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఉంచుకోవడం నేర్చుకుంటే, రేపు చోటు మార్చాల్సి వచ్చినా ఒక సాయంత్రం పని. మారేటప్పుడు డొమైన్ రికార్డు టీటీఎల్‌ను (పాత చిరునామాను ఎంతసేపు గుర్తుంచుకోవాలన్న గడువును) ఒక రోజు ముందే 300 సెకన్లకు దించండి, లేకపోతే సగం మంది పాత సర్వర్‌కూ సగం మంది కొత్తదానికీ చీటీలు రాస్తూ కూర్చుంటారు.


బిల్లుల_బాబాయ్, చిత్తూరు
మార్చి 6

నేను ప్రోగ్రామర్‌ను కాను. గుజ్జు ఫ్యాక్టరీల అకౌంట్లు రాస్తాను, ఇటువంటి సాఫ్ట్‌వేర్లకు డబ్బు కట్టేది నా చేతి మీదుగానే జరుగుతుంది. మీరు ముగ్గురూ సర్వర్ గురించి మాట్లాడారు గాని, సర్వర్ ఎవరి పేరున ఉంటుంది, ఎవరి కార్డు మీద నడుస్తుంది అన్నది ఎవ్వరూ అడగలేదు. నాకు తెలిసినంతలో ఇటువంటివి వైరస్ వల్ల ఆగిన దానికన్నా కార్డు వల్ల ఆగిందే ఎక్కువ.

2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం కార్డు మీద నెలనెలా దానంతట అది కోసుకునే చెల్లింపులకు ముందుగా మనం సమ్మతి నమోదు చేయాలి, ప్రతి కోతకు 24 గంటల ముందు బ్యాంకు మనకు తెలియజేయాలి. 15,000 రూపాయల లోపు అయితే ఓటీపీ అక్కరలేదు, కాని ఆ సమ్మతి నమోదు పద్ధతిని పాటించని విదేశీ సంస్థల కోతలను మన బ్యాంకులు తిప్పి పంపుతాయి. మా దగ్గర ఒక ఏడాది సరిగ్గా ఇలాగే జరిగింది. కార్డు గడువు తీరింది, హెచ్చరిక మెయిళ్లు ఉద్యోగం మానేసిన ఒక కుర్రవాడి చిరునామాకు పోయాయి, వాళ్లు ఖాతా నిలిపేశారు. బ్యాకప్ ఉందిలే అనుకున్నాం. బ్యాకప్ కూడా అదే ఖాతాలో ఉంది. తాళం చెవిని పెట్టెలో వేసి పెట్టె మూసినట్టయింది. నాలుగు రోజులు కాగితం మీద నడిపాం.

కాబట్టి బాబూ, బ్యాకప్ వేరే సంస్థలో, వేరే కార్డు మీద ఉండాలి. డొమైన్ మండీల పేరునో మీ పేరునో రాతపూర్వకంగా తేల్చుకోండి. వీలైతే ముందుగానే కొంత సొమ్ము జమ చేసుకోనిచ్చే సంస్థను ఎంచుకోండి. సీజన్ మధ్యలో కార్డు గొడవ రాదు. ఇంకొకటి, మీ దగ్గర రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు ఉంటాయి కదా. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అన్నీ భారతదేశంలోనే ఉంచాలని అనడం లేదు, ప్రభుత్వం వద్దన్న దేశాలకు తప్ప పంపవచ్చు. కాని ఆ వివరాలు బయటికి పొక్కితే జవాబు చెప్పవలసింది ఎవరో మండీలతో ఇప్పుడే మాట్లాడుకోండి.


కాటాచీటీ, తిరుపతి
మార్చి 22

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి, మార్పు పూర్తయ్యాకనే రాద్దామని ఆగాను.

మొదట పలమనేరు గారి మాట నిజమో కాదో చూడాలని, ఉన్న అప్లికేషన్‌ను కదల్చకుండా డేటాబేస్‌ను మాత్రం సింగపూర్‌కు మార్చాను. ఒక్క పంక్తి కోడ్ మార్చలేదు. పట్టీ పేజీ ఏడు సెకన్ల నుంచి సెకను లోపలికి వచ్చింది. నిరుడంతా గుమాస్తాల చేత తిట్లు తిన్నది ప్రాంతం ఎంచుకునే ఒక్క డ్రాప్‌డౌన్ వల్లనని తెలిసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. తరువాత ప్రశ్నలను 31 నుంచి 6కు దించాను.

చివరికి వీపీఎస్ వైపే మొగ్గాను. అలిపిరి గారి మాట తీసెయ్యాలని కాదు, మండీల వాళ్లను అడిగితే డబ్బు పెంచడానికి ఒప్పుకున్నారు కూడా. కాని టెర్మినల్ నాకు ఇష్టమైన పనే, పైగా ఆ అదనపు సొమ్మును బ్యాకప్‌కు వాడుకోవచ్చనిపించింది. బెంగళూరులో ఒక గిగాబైట్ యంత్రం తీసుకున్నాను. కొనేముందు దామలచెరువుకు వెళ్లి, కాటా పక్కనే నిలబడి గుమాస్తా ఫోన్ మీద బెంగళూరు, చెన్నై, ముంబయి మూడింటినీ కొలిచాను. మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, సిగ్నల్ ఊగిసలాటే వాటన్నిటికన్నా ఎక్కువగా ఉంది. అందుకని చీటీ మొదట ఫోన్‌లోనే నిలిచి, సిగ్నల్ దొరికినప్పుడు సర్వర్‌కు చేరేలా మార్చాను. ఒకే చీటీ రెండుసార్లు వెళ్లినా రెండు వరుసలు పడకుండా ప్రతి చీటీకి ఫోనే ఒక గుర్తింపు సంఖ్య ఇస్తుంది.

ఫోటోలు ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లోకి వెళ్తున్నాయి. డేటాబేస్‌ను గంటకొకసారి మరో సంస్థ దగ్గరికి, బాబాయ్ గారు చెప్పినట్టు వేరే కార్డు మీద ఉన్న ఖాతాకు పంపుతున్నాను. ఆదివారం నాడు ఖాళీ యంత్రం ఒకటి తీసుకుని ఆ బ్యాకప్ నుంచి మొత్తం లేపి చూశాను. మొదటిసారి లేవలేదు, పోస్ట్‌గ్రెస్ వెర్షన్ తేడా వచ్చింది. రెండవసారి 40 నిమిషాలు పట్టింది, అందులో ముప్పావు వంతు నేను మరిచిపోయిన ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను వెతకడానికే పోయింది. దాన్ని ఇప్పుడు కాగితం మీద రాసి పెట్టుకున్నాను. డిస్కు 80 శాతం దాటితే సందేశం వస్తుంది, లాగులకు పరిమితి పెట్టాను. మే 20 తరువాత సీజన్ ముగిసేదాకా పగటి పూట డిప్లాయ్ చేయకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను.

మిగిలింది నిరుడు పోయిన ఫోటోలు. మొత్తం 212 చీటీలని తేలింది. వాటి కాగితపు నకళ్లు మండీల్లో కట్టలు కట్టి అటక మీద పెట్టారట. వచ్చే శనివారం వెళ్లి ఒక్కొక్కటే మళ్లీ ఫోటో తీసుకువస్తాను.